తడి ఆరని సీసా

సీసాలు కడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆడపడుచు నవ్వింది. ఆమెతో పాటు నేనూ నవ్వాను. ఇంట్లో రోజూ చేసే పనే కదా, దానికి జీతం కూడా ఇస్తారట అనుకున్నాను. పదిహేడేళ్లు ఆ పనే చేశాను. ఈమధ్య భిలాయిలో మా కోహ్కా వీధిలో పిల్ల ఒకతె ఆయిల్ ల్యాబులో ఉద్యోగానికి చేరుతూ, "పెద్దమ్మా, నువ్వు ఆ పనే కదా చేశావు, నాకేమైనా చెప్పు" అంది. నోటితో చెబితే సగం మర్చిపోతుంది. అందుకని రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పని ఏమిటంటే

మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. మా ఆయన ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని కోసం భిలాయి వస్తే ఆయన వెనకాలే నేనూ వచ్చాను. కాంట్రాక్టు పని కొన్ని నెలలు ఉండేది, కొన్ని నెలలు ఉండేది కాదు. ఆ రోజుల్లోనే విదేశీ నూనె కంపెనీ ఒకటి హథ్‌ఖోజ్‌లో డిపో తెరిచింది. ఊడ్చడానికీ, సీసాలు కడగడానికీ మనిషి కావాలంటే వెళ్లి చేరాను.

సీసాలు ఎందుకంటే, హథ్‌ఖోజ్ నిండా చిన్నా పెద్దా కార్ఖానాలు. వాళ్ల మిషన్లలో తిరిగే నూనె కొంచెం సీసాలో పట్టి మా డిపోకి పంపేవారు. మా ఇంజనీరు దాన్ని పరీక్ష చేసి, మిషన్ లోపల ఏం అరుగుతోందో, ఏం కలుస్తోందో చెప్పేవారు. డాక్టరు రక్తం పరీక్ష చేసి జబ్బు చెప్పినట్టే. మిషన్ విప్పక్కర్లేదు.

ఆ ఇంజనీరు పేరు కుల్కర్ణి. నాగపూర్ మనిషి. సన్నగా ఉండేవారు, కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతూ ఉండేవి. నేను చేరిన రోజున హిందీలో అడిగారు.

"దీదీ, సీసా ఎంత శుభ్రంగా ఉండాలో తెలుసా?"

"ఆవకాయ జాడీ అంత," అన్నాను.

అదేమిటని అడిగారు. జాడీని కడిగి, ఎండలో రెండు రోజులు బోర్లించి, ఒక్క నీటి చుక్క కూడా లేకుండా చూసుకుని అప్పుడు ఆవకాయ పెడతామని, తడి తగిలితే ఏడాది పచ్చడీ బూజు పట్టిపోతుందని చెప్పాను. ఆయన వెంటనే, "బస్, చాలు. నీకు నేను నేర్పాల్సింది ఏమీ లేదు" అన్నారు.

అంత మాట అనిపించుకున్నదాన్ని నేనే తప్పు చేశాను. ఆ సంగతి ముందుకు వస్తుంది.

మా నాన్న మోసిన డబ్బా

కంపెనీ గురించి నాకు తెలిసింది రెండు ముక్కలు చెబుతాను. మా నాన్న కుర్రతనంలో విశాఖపట్నం రేవులో కిరసనాయిలు డబ్బాలు మోశాడు. అవి విదేశీ కంపెనీల డబ్బాలు. నూనె అయిపోయాక ఆ రేకు డబ్బాలు ఇంటింటికీ చేరేవి. మా ఇంట్లో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో నీళ్లు. మా అమ్మ మూడోదాన్ని కోయించి జల్లెడ చేయించుకుంది. కంపెనీ మాకు తెలియకుండానే మా వంటింట్లో కాపురం ఉండేది.

కుల్కర్ణి గారికి ఈ సంగతి చెబితే, టీ తాగుతూ మిగతాది ఆయన చెప్పారు. మొదట్లో ఈ కంపెనీలు దీపాలకి నూనె అమ్మి బతికాయట. తరవాత మోటారు కార్లొచ్చాక పెట్రోలు. మన ప్రభుత్వం విదేశీ కంపెనీల్ని తీసేసుకున్నాక ఇవి ఊరు విడిచి వెళ్లిపోయాయి. తొంభైల్లో తలుపు కొంచెం తెరిచారు. పెట్రోలు అమ్మే వీలు లేదు గానీ ఇంజన్ ఆయిలు, గ్రీజు అమ్ముకోవచ్చు. ఆ సందులోంచే వీళ్లు మళ్లీ వచ్చారు.

"అంటే మా నాన్న మోసిన కంపెనీయే ఇది కూడానా సాబ్?"

"పేర్లు మారుతుంటాయి దీదీ. ఒకదాన్ని ఒకటి మింగుతుంటాయి. ఎవరు ఎవరో వాళ్లకే గుర్తుండదు."

ఉన్నమాట చెప్పుకోవాలి. కంపెనీ మంచి నూనె అమ్మింది. కేలెండర్లు, టోపీలు పంచింది. అవసరం లేని చోట కూడా ఖరీదైన నూనె అంటగట్టింది. మిషన్ గురించి చెప్పమంటే చాలామంది సేల్స్ వాళ్లు నూనె గురించే చెప్పేవారు. కొత్తగా చేరే పిల్లలు ఇది తెలుసుకోవాలి. మన పరీక్ష కాగితం చివర ఎప్పుడూ అమ్మడానికి ఒక కొత్త నూనె పీపా నిలబడి ఉంటుంది. కాగితం మీద ఏం రాయాలో ఆ పీపా చెప్పకుండా చూసుకోవాలి.

చెవితో చూడటం

రెండేళ్లు పోయాక కుల్కర్ణి గారు నన్ను పరీక్ష బల్ల దగ్గరికి రానిచ్చారు. కరెంటు పొయ్యి మీద చిన్న ఇనుప పళ్లెం. అది బాగా కాగాక దాని మీద నూనె చుక్క వేయాలి. నూనెలో నీళ్లుంటే చిటచిట అంటుంది. లేకపోతే చప్పుడు లేకుండా పాకుతుంది. ఎన్నో ఏళ్లు పోపు వేసిన చెవి కదా నాది, కొంచెం తడి ఉన్నా పట్టేసేదాన్ని. కుల్కర్ణి గారు కూడా, "ఏం దీదీ, వినపడిందా?" అని నన్నే అడిగేవారు.

ఒకసారి ఒక లారీ యజమాని సీసా తెచ్చాడు. బండి ఇంజన్ చెడిందని కంపెనీ మీద దావా వేస్తానంటున్నాడు. మూత తీసి వాసన చూశాను. కొత్త పీపాలోంచి తీసిన నూనె అది. తిరిగిన నూనెకి మాడు వాసన ఉంటుంది.

"భయ్యా, ఈ నూనె నీ బండిని ఎప్పుడూ చూడలేదు," అన్నాను.

అతను గట్టిగా అరవబోయి, నా మొహం చూసి ఆగాడు. "ఘర్ మే భీ ఐసే హీ పకడ్‌తీ హో క్యా?" అన్నాడు. ఇంట్లో కూడా ఇలాగే పట్టేస్తావా అని. సీసా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇలాంటివి నాలుగు జరిగేసరికి నా చెవి మీద, ముక్కు మీద నాకు గర్వం వచ్చింది. గర్వం రావడం తప్పు కాదు. కానీ నేను చెవినీ ముక్కునే నమ్ముకుని, చేతిని చూసుకోవడం మానేశాను.

ఎర్ర దుమ్ము

భిలాయిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గాలి తిరిగితే ప్లాంటు వైపు నుంచి ఎర్ర దుమ్ము వచ్చి పడుతుంది. ఆరేసిన బట్టల మీద, వడియాల మీద, బిందె మూతల మీద. అందుకని మా ఆడవాళ్ల చేతులకి ఒక అలవాటు పడిపోయింది. గాలి లేచిందంటే చాలు, ముందు అన్నిటికీ మూతలు పెట్టేస్తాం. ఆ తరవాతే గాలి ఎటు వీస్తోందో చూస్తాం.

ఒక ఏడు వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం కడిగిన సీసాలు రెండు చెక్క పలకల మీద డాబా పైన బోర్లించాను. గంట కూడా కాలేదు. ఆకాశం కమ్మింది, గాలి లేచింది, ఎర్రగా దుమ్ము పైకి లేచింది. పరుగెత్తుకెళ్లి ఒక్కొక్క సీసానీ తిప్పి మూత బిగించి, పలకలతో సహా కిందికి తెచ్చి అలమరలో పెట్టేశాను. దుమ్ము పడలేదని సంతోషించాను.

సాయంత్రం వాన వెలిసీ వెలియక ముందే అప్పలనాయుడు వచ్చాడు. మా పక్క వీధి మనిషి, శ్రీకాకుళం వైపు వాడు. హథ్‌ఖోజ్‌లో ఇనుప కడ్డీలు చేసే చిన్న మిల్లులో ఆయిల్ మేన్. మిషన్లకి నూనె పోయడం, నూనె పీపాలు చూసుకోవడం అతని పని. గేరు బాక్సు నూనె పరీక్షకి పంపాలని సీసా అడిగాడు. పలక మీద నుంచి ఒకటి తీసి ఇచ్చాను. మా వైపు అక్కని అప్ప అంటారు, నన్ను అలాగే పిలిచేవాడు.

"సుబ్బరంగున్నాదా అప్పా?"

"నీ మొకం కన్నా సుబ్బరమేలే, పట్టుకెల్లు."

నవ్వుకుంటూ సీసా చొక్కాలో పెట్టుకుని వెళ్లాడు.

మర్నాడు నూనె వచ్చింది. నేనే చుక్క వేశాను. చిట్ మంది. ఇంకో చుక్క. మళ్లీ చిట్ మంది. కుల్కర్ణి గారు రాశారు: నూనెలో నీళ్లు కలిశాయి, మార్చాలి. కాగితం మిల్లుకి వెళ్లింది. దాని వెనకే మా డిపో మేనేజరు తివారీ కొత్త పీపాలు పంపించాడు. కుల్కర్ణి గారు వేరే పని మీద రాయపూర్ వెళ్లారు.

కాగితం

రెండు రోజుల తరవాత పొద్దున్నే అప్పలనాయుడు డిపో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పని దుస్తులు లేవు.

"ఏటయింది నాయుడూ? పన్లోకి ఎల్లనేదా?"

"తీసేసినాడప్పా సేఠు. పీపా మూత తీసి వానకి ఒగ్గేసినానంట. నాను ఒగ్గనేదు. కుల్కర్ణీ సాబు సెప్పినట్టే పీపాలు అడ్డంగా పండబెట్టినాను. షెడ్డులో ఎట్టినాను. నీల్లెక్కడినుంచి వొచ్చినాయో నాకేటి తెల్సు?"

"సేఠుతో సెప్పలేకపోనావా?"

"సెప్పినాను. కాయితం నా మొకాన ఎట్టినాడు. కాయితం అబద్దం ఆడతాదేటిరా అన్నాడు." గొంతు తగ్గించాడు. "నిన్న ఇంకో రెండు మిల్లులకి ఎల్లినాను. అప్పుడే తెలిసిపోనాది అందరికీ. నీల్లు కలిపినోడివి నువ్వేగా అన్నారు. ఇరవై ఏళ్లనుంచి ఈ నూనెలోనే ఉన్నానప్పా. ఈ పని తప్ప నాకేటొచ్చు?"

టీ ఇచ్చాను. తాగకుండానే వెళ్లిపోయాడు.

లోపలికి వచ్చి అలమర తుడుస్తున్నాను. కిటికీలోంచి ఎండ పలక మీద పడుతోంది. ఆ రోజు మూతలు పెట్టిన సీసాలే. ఒక సీసా గోడకి లోపలి నుంచి సన్నగా ఆవిరి పట్టి ఉంది, చలికాలం కిటికీ అద్దానికి పట్టినట్టు. మూత తీసి వేలు పెట్టాను. తడి. పక్కదీ తీశాను. అదీ తడే. అడుగున చిన్న చుక్క అటూ ఇటూ దొర్లుతోంది.

అక్కడే కూర్చుండిపోయాను. ఆవకాయ జాడీ సంగతి కంపెనీ ఇంజనీరుకి పాఠం చెప్పినదాన్ని. దుమ్ముకి భయపడి తడి మీద మూత పెట్టేశాను.

తివారీకి చెప్పాను. అతను లేచి తలుపు వేసి వచ్చాడు.

"చుప్ రహో దీదీ, నోరు మెదపకు. కొత్త నూనె పోసేశారు, బిల్లు కూడా అయిపోయింది. ఇప్పుడు నీళ్లు మన సీసావే అంటే కంపెనీ పేరు ఏమవుతుంది? నీ ఉద్యోగం ఏమవుతుంది? ఆయిల్ మేన్ కదా, ఎక్కడో చోట దొరుకుతుంది పని."

"దొరకదట తివారీజీ. పొద్దున్నే వచ్చి చెప్పాడు."

"నీకెందుకు? నీ కొడుకా అతను?"

తివారీ చెడ్డవాడేమీ కాదు. నా మంచికే చెబుతున్నానని అనుకున్నాడు. పిల్లలూ, మీకూ ఇలాంటి వాళ్లు తగులుతారు. మీ మంచి కోరి మీ నోరు మూయిస్తారు. వాళ్ల మాట వినాలని చాలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ రోజంతా వినాలనే అనిపించింది.

పళ్లెం మీద చుక్క

మర్నాడు కుల్కర్ణి గారి జీపు గేటులోకి రాకముందే ఎదురెళ్లాను. తడి సీసా గుడ్డ సంచిలో ఉంది. తీసి చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, సీసా ఎండకి ఎత్తి చూశారు. అరుస్తారనుకున్నాను.

"ఇలాంటివి ఇంకెన్ని బయటికి వెళ్లాయి?"

"అదొక్కటే సాబ్. మిగతావి అలమరలోనే ఉన్నాయి."

"నేను కూడా తప్పు చేశాను. ఒక్క సీసా చూసి రాసేశాను. రెండోది అడగలేదు." కళ్లద్దాలు పెట్టుకున్నారు. "పొయ్యి, పళ్లెం తీసుకో. ఆరిన సీసా ఒకటి తే. ఎక్కు జీపు."

దారిలో కోహ్కాలో ఆగి అప్పలనాయుణ్ణి ఎక్కించుకున్నాం. ఎందుకో అతనికి చెప్పలేదు. అతను అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మిల్లు సేఠు మమ్మల్ని చూసి మొహం చిట్లించాడు. మార్చేసిన పాత నూనెని ఒక డ్రమ్ములో పోసి షెడ్డులోనే ఉంచారు. నీళ్లు ఉంటే అడుగునే ఉంటాయి కాబట్టి కుల్కర్ణి గారు గొట్టం అడుగుదాకా దింపి నూనె తీశారు. సగం ఆరిన సీసాలో, సగం నా తడి సీసాలో. సేఠు గదిలో లక్ష్మీదేవి పటం కింద పొయ్యి పెట్టి ప్లగ్గు పెట్టాం. మిల్లు చప్పుడు వినపడకుండా తలుపు మూశారు.

"నువ్వే వెయ్యి దీదీ," అన్నారు.

తడి సీసాలోంచి మొదటి చుక్క వేశాను. చిటచిట మంది. సేఠు అప్పలనాయుడి వైపు చూశాడు, చూశావా అన్నట్టు. అప్పలనాయుడు తల దించుకున్నాడు.

ఆరిన సీసా తీసుకున్నాను. నా చెయ్యి ఆగింది. నా తప్పు కాకుండా పోతే అతని బతుకు పోతుంది. అతని బతుకు నిలవాలంటే తప్పు నాది అవ్వాలి. నాదే అవ్వాలని ఆ గదిలో అంత గట్టిగా కోరుకున్నది నేనే.

చుక్క వేశాను. చప్పుడు లేదు. నూనె నెమ్మదిగా పళ్లెం అంచుదాకా పాకింది. పల్చటి పొగ లేచింది. ఇంకో చుక్క వేశాను. అదీ అంతే. చప్పుడు లేని చప్పుడు కోసం నలుగురం వంగి నిలబడ్డాం.

"ఏక్ హీ తేల్ హై," ఒకే నూనె, అన్నారు కుల్కర్ణి గారు. "నీళ్లు మా సీసాలో ఉన్నాయి. మీ మిషన్‌లో కాదు. తప్పు మాది, కంపెనీది. కొత్త నూనె సంగతి నేను చూసుకుంటాను. ఈ మనిషి తప్పు లేదు."

సీసా ఎవరు కడిగారో ఆయన చెప్పలేదు. సేఠు లేచి పొయ్యి ప్లగ్గు పీకేశాడు. "ఠీక్ హై. కల్ సే ఆ జా," అన్నాడు అప్పలనాయుడితో. రేపటి నుంచి పనిలోకి రమ్మని.

అప్పలనాయుడు కదల్లేదు.

"కాయితం," అన్నాడు. "సాబ్, ముందు కాయితం నా తప్పని సెప్పినాది. నా తప్పు కాదని ఇంకో కాయితం రాసిచ్చీయండి."

కుల్కర్ణి గారు అక్కడే కూర్చుని కంపెనీ కాగితం మీద రాసి సంతకం పెట్టారు. అప్పలనాయుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కాలో పెట్టుకున్నాడు, ఆ రోజు సీసా పెట్టుకున్న చోటే.

వాసెన

గేటు బయట అతన్ని ఆపాను.

"నాయుడూ, ఆ సీసా కడిగింది నాను. మూతెట్టింది నాను."

చొక్కాలో కాగితాన్ని ఒకసారి తడుముకున్నాడు.

"మూడు దినాలు నా పెల్లాం మొకం ఎత్తి వీదిలోకి రానేదు," అన్నాడు. "నువ్వు మనోల్లవని నీకాడకొచ్చినాను. టీ ఇచ్చినావు."

అంతే అని వెళ్లిపోయాడు. నెల రోజులు డిపో వైపు రాలేదు. సీసాల కోసం వేరే మనిషిని పంపేవాడు. అతని కోపం న్యాయమైనదే. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఎదుటివాడు వెంటనే నవ్వాలని ఏమీ లేదు. ఒప్పుకున్నాం కదా, ఇంకేం కావాలి అనుకోవద్దు.

పై ఆఫీసు నుంచి కుల్కర్ణి గారికి ఏవో ఉత్తరాలు వచ్చాయి. అమ్మిన నూనె వెనక్కి తీసుకోవడం ఏమిటని. ఆయన ఏం రాశారో నాకు తెలియదు. నా ఉద్యోగం మాత్రం ఉంది. నాతో ఒక్కటే అడిగారు. "దుమ్ము పడకూడదు, తడి పోవాలి. ఏం చేద్దాం దీదీ?"

మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టేది, మూతి మీద పల్చటి గుడ్డ వేసి తాడుతో. ఆవిరి పోతుంది, దుమ్ము రాదు. మా పాత నేత చీర చింపి ప్రతి సీసాకీ వాసెన కట్టాను. రెండు రోజులు ఆరాక, వెలుతురుకి ఎత్తి చూసి, అప్పుడు మూత. నేను మానేసేదాకా ఆ డిపోలో అదే పద్ధతి. బొంబాయి నుంచి పెద్ద సాబులు వచ్చినప్పుడు ఆ గుడ్డ మూతల్ని చూసి నవ్వారు. కుల్కర్ణి గారు నవ్వలేదు.

నెల దాటాక ఒక పొద్దున్న అప్పలనాయుడే వచ్చాడు. సీసా ఇచ్చాను. ఎండకి ఎత్తి, ఒక కన్ను మూసి, లోపలికి చూశాడు.

"అప్పా," అన్నాడు. "నా మొకం కన్నా సుబ్బరమేనా?"

నాకు ఏడుపొచ్చింది. "నీ మొకం మీద గ్రీజున్నాది, తుడుసుకో," అన్నాను.

మిగిలిన మాట

ఇదంతా అయిన చాలా ఏళ్లకి, నేను పని మానేశాక, కోహ్కా బజారులో అప్పలనాయుడి భార్య రమణమ్మ కలిసింది. ఇద్దరం వంకాయలు ఏరుతున్నాం. ఆ మాటా ఈ మాటా అవుతుంటే అంది:

"అప్పుడు మా ఆయన ఉజ్జోగం పోనాది గుర్తుందా అప్పా? మీ కంపినీ మిషను పాడైపోనాదంట గదా. దానికి ఆయన్ని ఎన్ని మాటలన్నారో."

"ఎవరు సెప్పినారు మిషనని?"

"ఆయనే. ఎవరడిగినా అదే సెప్తాడు. మిషన్ది తప్పు, మనుసులది కాదు అంటాడు."

నా చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. మాట మాట్లాడకుండా ఉన్న ఆ నెల రోజుల్లో కూడా అతను వీధిలో నా పేరు చెప్పలేదన్నమాట. తన పేరు పోతే ఎలా ఉంటుందో తెలిసినవాడు, నా పేరు పోనివ్వలేదు. ఆ రోజు రమణమ్మకి నేను నిజం చెప్పలేకపోయాను. చెబితే ఆమె తన మొగుడి మాటని అబద్ధం అనుకుంటుందేమో అని ఒక సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి ధైర్యం చాలలేదు.

అమ్మాయ్, నువ్వు ల్యాబులో చేరుతున్నావు. మిషన్లు మారిపోయి ఉంటాయి. చుక్క వేసి వినే పని ఇప్పుడు ఎవరూ చేయరేమో. కానీ నీ కాగితం అవతల ఎవరో ఒక అప్పలనాయుడు ఉంటాడు. దాన్ని రాసే ముందు అతని మొహం గుర్తు తెచ్చుకో. రెండో సీసా అడుగు.

అప్పలనాయుడు ఇది చదివితే కోప్పడతాడు, ఇన్నేళ్లు నేను దాచింది నువ్వెందుకు రాసేసినావప్పా అని. కోప్పడనీ. రమణమ్మా, ఆ రోజు మిషన్ బాగానే ఉంది. సీసా కడిగింది నేను.